కింది వీధి బావి నీళ్లు

బెళుగుప్ప
14 ఏప్రిల్ 2002

అక్కకు తిప్పేషు రాసే జాబు.

ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలట. క్షేమం లేనప్పుడు ఎందుకు రాయాలి. మా లారీ వాళ్లం వరసగా వేసిన బోర్లన్నీ ఎండినవే. రిగ్గు లారీ మొరుగుతుంది, తెల్ల రాతి పొడి ఎగురుతుంది, చుక్క నీరు రాదు. ఆ పొడి నా ముక్కులో, కళ్లలో, అన్నంలో. బోరు వేయించుకున్న రైతు మాత్రం టెంకాయ చేత పట్టుకుని అలాగే నిలబడి ఉంటాడు, కొట్టాలా మానాలా తెలియక.

ఈ జాబు అందుకు కాదు. ఇక్కడ ఒక పల్లెలో బోరు వేస్తుంటే పిల్లలు చూడ్డానికి వచ్చారు. సగం మందికి మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, పాదాలేమో దూరం దూరంగా పడుతున్నాయి. పళ్ల మీద పసుపు గార. పోలియో అనుకున్నాను. ఒక ముసలాయన చెప్పాడు.

"పోలియో కాదప్పా, బోరు నీళ్లు. బావులు ఎండినాంక లోతు బోరు ఏసినారు. ఆ నీళ్లు తాగినాంకనే పిల్లోళ్ల కాళ్లు ఇట్ల తిరిగినాయి."

నీళ్లు పరీక్షించే జీపు వాళ్లు కూడా అదే అన్నారట. దాని పేరు ఫ్లోరైడు. లోపలి రాతిలో ఉంటుంది. వానలు పడి పైన నీళ్లు ఉన్నంతకాలం దాని జోలికి మనం పోము. వానలు తప్పి లోతుకు పోయేకొద్దీ అది నీళ్లతో పాటు పైకొస్తుంది.

పోయినసారి మీ ఊరికి వచ్చినప్పుడు పుష్పావతి మెట్టు దిగడానికి గోడ పట్టుకుంది. నువ్వు "సోమరిది" అన్నావు. ఎనిమిదేళ్ల పిల్లకు సోమరితనం ఏమిటక్కా? మీ పై వీధి బోరు కూడా లోతుదే. బావ చచ్చిపోయిన ఏడు మీ వీధి పార్టీ నడిపే కేశవులన్న వేయించినదే. ఆ నీళ్లు పిల్లకు మానిపించు. కింది వీధిలో చేదబావి ఉంది కదా. నీ పెళ్లికి వచ్చినప్పుడు నేనూ ఆ నీళ్లే తాగాను. ఎంత తియ్యగా ఉండేవి.

జవాబు వెంటనే రాయి.

నీ తమ్ముడు
తిప్పేషు

*

9 మే 2002

తమ్ముడు తిప్పేషుకు చౌడేశ్వరి దీవెనలు.

నీ జాబు యాడికి ఊరి బస్టాండులో టీ అంగడి సాయిబు ఇచ్చినాడు. మా ఊరి పోస్టాఫీసు కింది వీధిలో ఉండాది కదా, పై వీధి జాబులన్నీ ఆయన దగ్గరే ఆగుతాయి. "నీ తమ్ముడు పేపరోళ్ల మాదిరి రాస్తాడమ్మా" అన్నాడు. చదివినాడని నాకు అప్పుడే తెలిసిపోయింది. బడి ముఖం చూడనోడివి, బజ్జీలు చుట్టిన కాగితాలు చదివి చదివి ఇంత నేర్చినావు. సంతోషమే. ఆ తెలివి నా మీద చూపించొద్దు.

కింది వీధి బావి మాట మళ్లా రాయొద్దు. నీ బావ రామాంజులును కింది వీధి కుళ్లాయప్ప నరికింది ఆ బావి గట్టు మీదనే. నువ్వు ఆ దినం లేవు. శవాన్ని కడిగేదానికి ఎవరో ఆ బావి నీళ్లే తెచ్చినారు. మా అత్త తిమ్మమ్మ ఆ కడవ పగలగొట్టి పెంకు నా చేతిలో పెట్టి ఒట్టు వేయించింది. "ఈ బావి నీళ్లు మన గడప దాటితే నా కొడుకు రక్తం తాగినట్టే" అనింది. మా వీధి వీధంతా అదే ఒట్టు వేసుకుంది. కేశవులన్న బోరు వేయించింది అందుకే. ఆ బోరు నీళ్లను ఇప్పుడు నువ్వు విషమంటావా?

కుళ్లాయప్ప జైల్లో ఉన్నాడు సరే. వాని పెండ్లాం నల్లమ్మ మాత్రం ఆ బావిలో దర్జాగా చేదుకుంటాండాది. పొద్దు కూకే యాళకు గిలక చప్పుడు మా ఇంటిదాకా వినిపిస్తాది. అత్త లేచి తలుపు వేస్తాది.

పుష్పకు కాళ్లనొప్పులు నిజమే. ఎదిగే పిల్లకు ఉండేవే. పళ్లు బొగ్గుతో తోమమంటే తోమదు, అందుకే ఆ మచ్చలు. ఎండలకు మేకలు కూడా నీడన పడుకుని లేవడం లేదు, పిల్లలు ఎగురుతారా.

పనిలో ముక్కుకు గుడ్డ కట్టుకో. తిండి మానొద్దు.

చౌడేశ్వరి

*

కళ్యాణదుర్గం దగ్గర
20 ఆగస్టు 2002

అక్కా,

వేరుశనగ బుడ్డలు విత్తే అదను దాటిపోయింది. విత్తనం సంచులు పెట్టుకుని ఊర్లకు ఊర్లు ఆకాశం చూస్తున్నాయి. ఇంతకుముందు వాన ఆలస్యమయ్యేది, ఇప్పుడు రావడమే మరిచిపోయింది. వచ్చిన ఒక్కసారీ మూడు రోజుల వాన గంటలో కురిసి, మట్టిని ఈడ్చుకుని వంకలో పడింది. ఆ బురద నీళ్లు తాగి ఇక్కడ వీధికి ఇద్దరు వాంతులు, బేదులతో పడ్డారు. కరువుకొక రోగం, వానకొక రోగం.

నీ జాబు చదివి మూడు నెలలు జవాబు రాయలేదు. రాస్తే తిట్లే వచ్చేవి. ఇప్పుడూ అవే వస్తున్నాయి. రక్తం తాగినట్టే అంటావు. మరి పిల్ల తాగుతున్నది ఏమిటి? బావ బతికి ఉంటే కూతురి కాళ్లు వంకరపోయినా సరే ఒట్టు నిలబెట్టమనే మనిషా? పార్టీ వద్దు, బెంగుళూరు పోయి మూటలు మోద్దాం అని నీతో ఎన్నిసార్లు అన్నాడు. పోనీయలేదు మీ వాళ్లు. మీ పార్టీ ఆయన్ను తినింది. ఇప్పుడు ఆయన కూతుర్ని కూడా తినమను.

మీ ఊరి బడిలో డాక్టర్ల క్యాంపు పెట్టారని విన్నాను. పుష్పను చూపించావా? ఏమన్నారు? నేను రాయకపోతే నువ్వైనా ఒక్క ముక్క రాయకూడదా?

తిప్పేషు

*

3 అక్టోబరు 2002

తిప్పేషుకు,

దీవెనలు తర్వాత. ముందు నేను అడిగినదానికి చెప్పు. కుళ్లాయప్ప తమ్మునికి బావమరిది పొలంలో బోరు వేసినావంటనే? పెద్దవడుగూరు కాడ. నువ్వే రాళ్లపొడిలో నిలబడి ఉంటే చూసినోళ్లున్నారు. వాళ్లింట్లో అన్నం కూడా తిన్నావంట. కేశవులన్న నలుగురిలో నన్ను నిలబెట్టి అడిగినాడు.

"ఏమ్మా చౌడక్కా, నీ తమ్ముడు యాడ తిరుగుతాండాడు? మనకు చెప్పి బావి నీళ్లు తాగమంటాడు, ఆడ పోయి వాళ్లకు బోర్లేస్తాడు. ఎవురి మనిషబ్బా ఆయప్ప?"

బావి నీళ్లు తాగమని ఎందుకు పదేపదే రాస్తాండావో ఇప్పుడు తెలిసింది అని అత్త అనింది. నేను కాదనలేకపోయినాను.

క్యాంపు అడిగినావు. బడి కింది వీధి మొగదల్లో ఉండాది. కుంటే పిల్లలను పంపితే కిందోళ్లు నగుతారని కేశవులన్న వద్దన్నాడు. "మన వీధి పిల్లోళ్లు అవిటోళ్లని వాళ్లకు తెలిస్తే రేపు మనకు సంబంధాలు యాడివి?" అన్నాడు. బాగా నడిచేటోళ్లను నలుగురు మగోళ్లను తోడిచ్చి పంపినారు. డాక్టర్లు చూసి, ఈ ఊర్లో పిల్లలందరూ బాగున్నారని చెప్పి జీపెక్కినారు.

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బేదులు వచ్చినప్పుడు నర్సమ్మ నీళ్లు కాచమనింది. నువ్వు భయపెట్టినాంక ఇంకా ఎక్కువ కాస్తాండాను. కడవెడు నీళ్లు సగమయ్యేదాకా కాచి, గుడ్డతో వడకట్టి పుష్పకు ఒక్కదానికే ఇస్తాండాను. నేనూ అత్తా పచ్చి నీళ్లే తాగుతాండాము. కట్టెల కోసం ఎంత దూరం పోతానో నీకు తెలియదు. ఇంతకన్నా ఏ తల్లి చేస్తాది?

చౌడేశ్వరి

*

అనంతపురం
16 ఫిబ్రవరి 2003

అక్కా,

లారీతో రాయచూరు వైపు పోయాను. నీ జాబు నాకోసం మా ఓనరు షెడ్డులో పడి ఉండి, మొన్న చేతికొచ్చింది. ముందు ఇది చదువు, మిగిలింది తర్వాత చదువు. నీళ్లు కాచడం మానెయ్. ఈ రోజే మానెయ్. కాచితే పురుగులు చస్తాయి, ఫ్లోరైడు చావదు. నీళ్లు ఇగిరేకొద్దీ మిగిలిన నీళ్లలో అదే చిక్కబడుతుంది. కట్టెలు మోసి మోసి పిల్లకు చిక్కని విషం పట్టావు. నర్సమ్మ తప్పు చెప్పలేదు, నీ తప్పూ కాదు. ఆమె చెప్పింది బేదుల జబ్బుకు. ఇది వేరే జబ్బు. ఆ రెండో మాట చెప్పే డాక్టర్లకు మీ ఊర్లో పిల్లలను చూపిస్తే కదా.

ఇక్కడ ఎముకల డాక్టరుకు నీ జాబులో సంగతులు చెప్పాను. పిల్లను చూడకుండా ఏమీ అననన్నాడు. గట్టిగా అడిగితే ఇంత చెప్పాడు. వంగిన ఎముక దానంతట అది తిన్నగా కావడం కష్టం. నీళ్లు మారిస్తే వంగడం ఆగే వీలుంది, పాలు, ఆకుకూరలు పెట్టాలి. మార్చకపోతే పెద్దయ్యేసరికి నడక పోవచ్చు. నడక, అక్కా. వంకర కాదు, నడకే.

ఒక పేపరు ముక్కలో చదివాను. ప్రపంచమంతా వేడెక్కుతోందట. వానలు తప్పిన దేశాల్లో, అందులోనూ మనుషులు తుపాకులతో కొట్టుకునే దేశాల్లో ముందు పిల్లలకు రోగాలొస్తాయట. నీళ్ల బండి పోవాలన్నా సూదిమందు పోవాలన్నా తుపాకీ పట్టుకున్నవాడు ఊ అనాలి కాబట్టి. ఏదో ఎడారి దేశం పేరు వేశారు. మన ఊరి గురించే రాసి పేరు మార్చినట్టుంది. వాళ్లకు తుపాకులు, మనకు నాటుబాంబులు, కేశవులన్న. మనకు కారు లేదు, ఫ్యాక్టరీ లేదు. వేడి చేసింది ఎవరో. ఎండేది మన బావులు. ఉన్న కాసిని నీళ్లు కూడా పంచుకోకుండా ఒట్లు వేసుకునేది మనమే. ఎవరి మీద కోప్పడాలో తెలియక నీ మీద పడుతున్నాను.

బోరు సంగతి. అవును, వేశాను. అన్నమూ తిన్నాను. ఓనరు పొమ్మన్న చోటికి లారీ పోతుంది. లారీకి పార్టీ లేదు. ఆ పొలంలోనూ నీళ్లు పడలేదు, నీ కేశవులన్నకు చెప్పు, సంతోషిస్తాడు.

అక్కా, ఒక్కసారి ఆ బావికి పో. నా మీద ఎంత కోపమున్నా పో.

తిప్పేషు

*

24 ఏప్రిల్ 2003

తమ్ముడా,

పోయినాను.

నీ జాబు వచ్చినాంక నీళ్లు కాచడం ఆపినాను, కానీ బావికి పోలేదు. ఉగాది దాటినాంక పుష్ప బడి నుంచి వస్తా బోర్లా పడింది. లేపితే నిలబడలేదు. ఎత్తుకుని ఇంటికి తెచ్చినాను. తొమ్మిదేళ్ల పిల్లను చంకన వేసుకుని వస్తాంటే అరుగుల మీద ఉన్నోళ్లంతా ముఖాలు తిప్పుకున్నారు. వాళ్ల ఇండ్లలోనూ అట్లాంటి పిల్లలున్నారు, అందుకు.

మరుసటి దినం మిట్టమధ్యాహ్నం కడవ తీసుకుని బయలుదేరినాను. ఎవరూ చూడని యాళలో పోవచ్చు కదా అంటావేమో. దొంగతనంగా పోతే దొంగనైతాను. అత్త గడపకు అడ్డం కూర్చునింది. "నా కొడుకును దాటి పోతాండావు" అనింది. నేను ఆమె పక్కనుంచి దాటినాను. కేశవులన్న మనిషి ఒకడు వెంటబడి వచ్చి, కింది వీధి మొగదలకాడ ఆగిపోయినాడు.

బావి గట్టు మీద నల్లమ్మ ఒక్కతే ఉండాది. నన్ను చూసి చేతిలో చేదతాడు వదిలేసింది. నేను ఆ తాడు అందుకుని చేద లోపలికి వదిలినాను. అది రాయికి కొట్టుకున్న చప్పుడు వచ్చింది, తిప్పేషా. నీళ్ల చప్పుడు కాదు. ఒంగి చూసినాను. అడుగున ఎండిన పాచి, ఒక పగిలిన బిందె.

"ఎన్నాళ్లయ్యింది?" అని అడిగినాను.

"నాలుగు ఎండాకాలాలు" అనింది.

"మరి దినామూ గిలక తిరుగుతాండాదే?"

ఆమె గిలక వైపు చూసింది. "ఉత్త చేద దింపి లాగుతాంటిమి. బావి ఎండిందని తెలిస్తే పై వీధోళ్లు నగుతారని మా పెద్దోళ్లు వంతులు పెట్టినారు. ఈ దినం నా వంతు. పొద్దున్నే ఆ గుట్ట వెనకాల బోరు నీళ్లు తెచ్చుకుంటాము."

"లోతు బోరా?"

"మీదానికన్నా లోతు" అనింది. ఆ మాట చెప్పేటప్పుడు కూడా గొంతులో కొంచెం గర్వం ఉండె. ఆ తర్వాత దానికే సిగ్గుపడినట్టు కొంగు నోట్లో పెట్టుకునింది.

అప్పుడు వాళ్లింటి తలుపు సందులోంచి ఒక పిల్ల బయటికి వచ్చింది. ఈశ్వరి, నల్లమ్మ కూతురు, పుష్ప కన్నా చిన్నది. గోడ పట్టుకుని మెట్టు దిగింది. పుష్ప దిగినట్టే దిగింది. నల్లమ్మ గబగబా అడ్డం నిలబడి పిల్లను దాచబోయింది.

"దాచొద్దులే" అన్నాను. "మా ఇంట్లోనూ ఉండాది."

క్యాంపు దినం వాళ్లు కూడా కుంటే పిల్లలను ఇండ్లలో పెట్టి తలుపులేసినారంట, మనకు తెలియకూడదని. ఆ డాక్టర్లు రెండు వీధుల్లోనూ మంచి కాళ్లే చూసిపోయినారు.

ఖాళీ కడవతో ఇంటికి వచ్చినాను. బావి ఎండిందని చెప్తే అత్త నమ్మలేదు. సాయంత్రం గిలక చప్పుడు కాలేదు. ఆమె తలుపు వేసేదానికి లేచి, వేయకుండానే మళ్లా కూర్చునింది.

ఇప్పుడు చెప్పు. నువ్వు తాగమన్న బావిలో నీళ్లు లేవు. నేను తాగనని ఒట్టు పెట్టుకున్న బావిలో నీళ్లు లేవు. పిల్ల మంచం మీద ఉండాది. కోప్పడేది నీకు బాగా వచ్చు కదా, ఎవరి మీద పడతావో పడు. నాకు మాత్రం నీళ్లు యాడున్నాయో రాయి.

చౌడేశ్వరి

*

అనంతపురం
12 మే 2003

అక్కా,

తిట్టడానికి మాటలు దొరకలేదు. అందుకే పని చేశాను.

లారీ దిగేశాను. లోతుకు, ఇంకా లోతుకు పోయే పని నావల్ల కాదు. ఇక్కడ మోటార్లకు వైండింగు చేసే షాపులో చేరాను. ఈ పట్నానికి డ్యాము నీళ్లు పైపుల్లో వస్తాయి. వారానికి రెండు మూడుసార్లే, అయినా అవి రాతి కింది నీళ్లు కావు. నీళ్ల పరీక్ష ఆఫీసులో అడిగి, పరీక్ష చేయించుకుని మరీ రాస్తున్నాను.

షాపు వెనక వీధిలో ఆడపిల్లల హాస్టలు ఉంది. ఆ పైపు నీళ్లే తాగుతారు. బడి పక్కనే, మెట్లు లేవు. వార్డెనమ్మ ముందు కుదరదంది. రోజూ పోయి గేటు దగ్గర నిలబడ్డాను. చివరికి విసుగొచ్చి సరే అంది. తండ్రి లేని పిల్లకు దగ్గరి మగ బంధువు సంతకం పెట్టి పూచీ ఉండాలి. నేనుంటాను. ప్రతి ఆదివారం ఎముకల డాక్టరుకు చూపిస్తాను. పాలు నేను పోస్తాను.

బడులు తెరిచేలోగా పుష్పను తీసుకురా. మీ అత్త ఏడుస్తుంది. ఏడవనీ. కేశవులన్న అడ్డం పడితే, పిల్లకు మంచి సంబంధం తేవడానికి పట్నం పంపుతున్నానని చెప్పు. ఆయనకు అర్థమయ్యే మాట అదొక్కటే.

తిప్పేషు

*

2 జూన్ 2003

తమ్ముడు తిప్పేషుకు అక్క దీవెనలు.

పుష్ప బట్టలు ఉతికి పెట్టినాను. పట్నంలో సినిమా చూపిస్తావా అని అడుగుతాండాది. అత్త రెండు దినాలు అన్నం తినలేదు. మూడోనాడు తానే పిల్ల జడ వేసి, "అక్కడ నీళ్లు అడిగి అడిగి తాగు, మొగమాటపడొద్దు" అని చెప్పింది. నాతో ఇంకా మాట్లాడడం లేదు.

ఒక సంగతి రాయాలని వారం నుంచి కాగితం పెట్టుకుని కూర్చుంటాండాను. రాస్తే నువ్వేమంటావో అని భయం.

నల్లమ్మ యాడికి బస్టాండుకు వచ్చింది, టీ అంగడి కాడికి. ఊర్లో మేము మాట్లాడుకోలేము కదా. నేను నీ జాబు కోసం నిలబడి ఉంటే దూరంగా నిలబడి, సాయిబు గ్లాసులు కడిగేదాకా చూసి, అప్పుడు దగ్గరికి వచ్చింది.

"నీ తమ్ముడు పట్నంలో ఏదో చేస్తాండాడంట" అనింది.

"ఎవురు చెప్పినారు?"

"నీ జాబులు ఈ సాయిబు చదువుతాడు. సాయిబు నోరు నీకు తెలియదా?"

సాయిబు ఆ పక్కకు తిరిగి పొయ్యి ఊదుకుంటాండాడు. నాకు నవ్వు రావలసింది కాదు, వచ్చింది. ఆమె నవ్వలేదు.

"నా మొగుడు చేసింది మర్చిపొమ్మని నేను అడగను, నువ్వు మర్చిపోవద్దు" అనింది. "ఈశ్వరిని కూడా పంపితే చేర్చుకుంటారేమో అడుగు. కాదంటే కాదను. అడిగినందుకు తిట్టు. మా వాళ్లలో పట్నం మొగం తెలిసినోడు ఒక్కడూ లేడు."

నీకు రాస్తానని మాత్రం చెప్పినాను. ఆ పిల్ల తండ్రి చేతిలోనే కదా నీ బావ పోయింది. నాకు అవునని రాయబుద్ధి కాదు, కాదని రాయబుద్ధి కాదు. నీకు తోచింది నువ్వే రాయి. ఏది రాసినా నేను నిన్ను అనను.

నీ అక్క
చౌడేశ్వరి

*

అనంతపురం
11 జూన్ 2003

అక్కా,

నీ జాబు చదివి షాపులో నా ముందున్న మోటారు మూతను నేలకేసి కొట్టాను. ఓనరు చూసి ఇంటికి పొమ్మన్నాడు.

నాకు జీవితంలో మొదటి చెప్పులు కొనిచ్చింది బావ. ఆయన్ను చంపినవాడి కూతురికి నేను గేటు దగ్గర నిలబడి సీటు అడగాలా? ఎందుకు అడగాలి? ఈ ప్రశ్న వేసుకుంటూ ఊరంతా తిరిగాను. కుళ్లాయప్పను నేను క్షమించలేదు, ఆ సంగతి ఆమెకు నువ్వే చెప్పు. వాడు బయటికి వచ్చి నా ఎదురు పడితే ఏం చేస్తానో నాకే తెలియదు.

కానీ గోడ పట్టుకుని మెట్టు దిగిందని రాశావే. అది రాయకుండా ఉండాల్సింది.

ఈ రోజు హాస్టలుకు పోయాను. ఇంకొక పిల్ల కూడా ఉందని చెప్పాను. వార్డెనమ్మ కళ్లద్దాలు తీసి, "ఇదేమప్పా, దినానికొక పిల్లను తెస్తాండావు. ఈ పాప నీకేమవుతాది? బంధువు సంతకం లేకుంటే నేను చేర్చుకునేది లేదు" అంది.

సోమవారం పొద్దున బస్సుకు ఇద్దరినీ ఎక్కించి కండక్టరుకు అప్పజెప్పు. పక్కపక్కన కూర్చోబెట్టు. ఇప్పుడే పోట్లాడుకోవద్దని చెప్పు, దానికి పెద్దవాళ్లం మనమున్నాం. నేను బస్టాండులో ఉంటాను. ఈశ్వరి నన్ను ఎప్పుడూ చూడలేదు కాబట్టి నేనెలా ఉంటానో పుష్పను చెప్పమను.

సంబంధం అన్న చోట ఇద్దరికీ మేనమామ అనే రాసి సంతకం పెట్టాను. వార్డెనమ్మ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చదివి, "ఇద్దరు అక్కలా నీకు?" అని అడిగింది.

అవునన్నాను.

తిప్పేషు